టెండరుకు బ్లాక్‌చెయిన్ కాపలా ఎందాకా?

మధ్యప్రదేశ్ జల నిగమ్ 2018లో మంచినీటి పథకాలకు టెండర్లు పిలిచింది. అంతా ఆన్‌లైన్‌లోనే. కాగితం లేదు, సీల్డ్ కవరు లేదు, టెండరు పెట్టె లేదు. తెరిచి చూసేసరికి, తామే తక్కువకు వేశామనుకున్న ఒక పెద్ద కంపెనీ రెండో స్థానంలో ఉంది. ఆ కంపెనీ ఊరుకోలేదు, ఫిర్యాదు చేసింది. తీగ లాగితే పోర్టల్ నడిపే ప్రభుత్వ సంస్థ దాకా వెళ్లింది వ్యవహారం. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ కంప్యూటర్ రికార్డులు పరిశీలించింది. 2019 ఏప్రిల్‌లో ఆ రాష్ట్ర ఆర్థిక నేరాల విభాగం ఎఫ్ఐఆర్ నమోదు చేసింది. అందులో ఉన్నవి తొమ్మిది టెండర్లు, పనుల విలువ సుమారు 3,000 కోట్ల రూపాయలు. ఆరోపణ సారాంశం ఇదీ: గడువు ముగిశాక ఎవరో సిస్టమ్‌లోకి వెళ్లి, మిగతావాళ్ల ధరలు చూసి, తమకు కావలసిన బిడ్‌లోని అంకె తగ్గించారు.

ఎవరు చేశారు, చేయించారు అన్నది కోర్టులు తేల్చే సంగతి. మనకు కావలసింది అందులోని సాంకేతిక ప్రశ్న. గడువు దాటాక ఒక అంకె మారింది. మారినట్టు బయటివాడెవడికీ కనిపించలేదు. ఆన్‌లైన్ టెండర్లు వచ్చిందే ఇలాంటివి ఆపడానికి కదా?

నిజానికి వాటిని తెచ్చిన తొలి రాష్ట్రాల్లో మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. 2003లో ఈ-ప్రొక్యూర్‌మెంట్ మొదలైంది. అంతకుముందు టెండరు వేయడమంటే ఒక సాహసం. షెడ్యూలు కొనడానికి వెళ్తే గుమస్తా సీట్లో ఉండడు. ఎలాగో సంపాదించి, నింపి, చివరి రోజు తీసుకెళ్తే ఆఫీసు గేటు దగ్గరే నలుగురు నిలబడి ఉంటారు. పెట్టె దాకా వెళ్లనివ్వరు, వెళ్తే కాగితాలు చింపేస్తారు. ఆ గేటు దగ్గరి గూండాయిజాన్ని ఆన్‌లైన్ పద్ధతి చాలావరకు పోగొట్టింది. అది చిన్న మేలేం కాదు. కానీ పెట్టె మాయం కాలేదు, సర్వర్‌లోకి మారింది. పోర్టళ్లలో బిడ్లను సంకేత లిపిలోకి మార్చే దాచుతారు. అయితే ఆ లిపిని విప్పే తాళంచెవులు, లిపిలో ఉన్న బిడ్లు, ఎవరు ఎప్పుడు లోపలికి వచ్చారో రాసుకునే చిట్టా, మూడూ ఒకే యంత్రాంగం చేతిలో ఉంటే? అడ్మినిస్ట్రేటర్ అధికారాలున్నవాడు తలచుకుంటే బిడ్‌నూ మార్చగలడు, మార్చినట్టున్న ఆనవాలునూ చెరపగలడు. గేటు దగ్గర నలుగురు చేసిన పని ఏసీ గదిలో ఒక్కడు చేయొచ్చు.

ఈ ఒక్క రోగానికి బ్లాక్‌చెయిన్ దగ్గర నిజమైన మందుంది. అది ఎలా పనిచేస్తుందో తెలియాలంటే ముందు హ్యాష్ అనే దాన్ని చూడాలి.

హ్యాష్ అంటే ఏ సమాచారం నుంచైనా తీయగల వేలిముద్ర. ఒక వాక్యం ఇచ్చినా, వెయ్యి పేజీల ఒప్పందం ఇచ్చినా ఎస్‌హెచ్‌ఏ-256 అనే లెక్క నుంచి బయటికొచ్చేది అంకెలు, అక్షరాలు కలిసిన 64 గుర్తుల వరుస, అంతే. అదే సమాచారానికి ఎప్పుడు, ఎక్కడ లెక్కేసినా అదే వరుస వస్తుంది. ఒక్క కామా మారినా వరుస మొత్తం పోలిక లేకుండా మారిపోతుంది. అన్నిటికన్నా ముఖ్యం, వెనక్కి వెళ్లే దారి లేదు. వేలిముద్ర చూసి మనిషి ముఖం గీయలేనట్టే, హ్యాష్ చూసి అసలు సమాచారం చెప్పలేరు.

దీన్ని టెండరుకు వాడి చూద్దాం. ఒక కంపెనీ 94 కోట్ల 37 లక్షల 12 వేల 600 రూపాయలకు బిడ్ వేయాలనుకుంది. ఆ ధరను ఎవరికీ పంపదు. దాని హ్యాష్ తీసి, ఆ 64 గుర్తులు మాత్రమే గడువులోగా పంపుతుంది. మిగతా కంపెనీలూ అంతే. గడువు ముగిశాక, తెరిచే రోజున అందరూ అసలు ధరలు బయటపెడతారు. ఎవరైనా సరే, గెలిచినవాడు, ఓడినవాడు, విలేకరి, ఇంజినీరింగ్ చదివే కుర్రాడు, ఆ ధరకు మళ్లీ హ్యాష్ తీసి ముందు పంపినదానితో పోల్చుకోవచ్చు. సరిపోతే అదే ధర. ఒక్క రూపాయి తేడా ఉన్నా దొరికిపోతాడు. గడువుకూ తెరవడానికీ మధ్య సర్వర్‌లో దొంగిలించడానికి ధర అనేదే ఉండదు. లీకు చేసేందుకు అధికారి దగ్గర ఏమీ లేదు.

ఇక్కడొక మెలిక ఉంది, తెలియకుండా కట్టే వ్యవస్థలు ఇక్కడే దెబ్బతింటాయి. హ్యాష్‌ను వెనక్కి విప్పలేరు, నిజమే. కానీ ఊహించి చూడొచ్చు. పని అంచనా విలువ 100 కోట్లు అనుకోండి, బిడ్లు 90, 100 కోట్ల మధ్య పడతాయని అందరికీ తెలుసు. ఆ మధ్యలో ఉన్న పూర్తి రూపాయల అంకెలు 10 కోట్లే. ఒక్కోదానికి హ్యాష్ తీసుకుంటూ పోతే మామూలు ల్యాప్‌టాప్ నిమిషాల్లో ఆ జాబితా పూర్తి చేస్తుంది. పోటీదారు ధర చేతికొస్తుంది. అందుకే ధర పక్కన ఎవరూ ఊహించలేని పొడవాటి యాదృచ్ఛిక సంఖ్యను కలిపి, రెండిటికీ కలిపి హ్యాష్ తీయాలి. ఆ సంఖ్యను తెరిచే రోజు దాకా కంపెనీ తన దగ్గరే దాచుకోవాలి. పోగొట్టుకుంటే బిడ్ పోయినట్టే.

ఇంతవరకు చెప్పినదాంట్లో బ్లాక్‌చెయిన్ మాటే లేదని గమనించారా? హ్యాష్‌లకు బ్లాక్‌చెయిన్ అక్కర్లేదు. ఆ హ్యాష్‌ల జాబితా ఎవరి దగ్గర ఉంటుంది అన్న దగ్గరే దాని అవసరం మొదలవుతుంది. అది కూడా శాఖవారి సర్వర్‌లోనే ఉందనుకోండి. తెరిచే రోజు మిగతావాళ్ల ధరలన్నీ బయటపడ్డాక, అయినవాడి కోసం ఒక కొత్త హ్యాష్ తయారు చేసి, అది నిన్ననే వచ్చినట్టు పాత తేదీ వేసి జాబితాలో దూర్చొచ్చు. కాబట్టి జాబితాకు, అందులోని సమయానికి శాఖకు వెలుపల సాక్షి ఉండాలి.

ఈ చిక్కును విప్పింది బిట్‌కాయిన్ వాళ్లు కాదు. అమెరికాలో బెల్‌కోర్ ప్రయోగశాలలో పనిచేసిన స్టువర్ట్ హేబర్, స్కాట్ స్టోర్నెటా 1991లోనే దారి చూపించారు. ప్రతి పత్రం హ్యాష్‌లో దాని ముందు పత్రం హ్యాష్‌ను కూడా కలిపెయ్యాలి. అప్పుడు మధ్యలో ఏ ఒక్కదాన్ని మార్చాలన్నా దాని తర్వాతవన్నీ మార్చాల్సి వస్తుంది. మరి చివరిదాన్ని కూడా మార్చేస్తే? దానికి వాళ్లు కనిపెట్టిన ఉపాయం ముచ్చటగా ఉంటుంది. వాళ్లు పెట్టిన ష్యూరిటీ అనే కంపెనీ 1995 నుంచి వారానికోసారి ఆ గొలుసు తాజా హ్యాష్‌ను న్యూయార్క్ టైమ్స్ చిన్న ప్రకటనల్లో అచ్చు వేయించేది, పోయినవీ దొరికినవీ ప్రకటనల సరసన. అచ్చయి లక్షల ఇళ్లకు చేరిన పత్రికను ఎవరు వెనక్కి రప్పించి దిద్దగలరు? 2008లో సతోషి నకమోటో పేరుతో వెలువడిన బిట్‌కాయిన్ పత్రం చివర ఎనిమిది ఆధార గ్రంథాలుంటే, వాటిలో మూడింట్లో వీళ్ల పేర్లున్నాయి. పత్రిక స్థానంలో వేలాది కంప్యూటర్లను పెట్టడం, ఏది అసలైన గొలుసో అవి తమలో తాము తేల్చుకునే పద్ధతి పెట్టడం బిట్‌కాయిన్ తెచ్చిన కొత్తదనం; బ్లాక్‌చెయిన్ అంటే ఆ గొలుసే. 2015లో మొదలైన ఎథీరియం దీనికి ఇంకో సౌకర్యం జోడించింది. గొలుసు మీద లెక్కలే కాదు, చిన్న ప్రోగ్రాములు కూడా పెట్టొచ్చు. స్మార్ట్ కాంట్రాక్టులంటే అవే. 'ఫలానా తేదీ సాయంత్రం 5 తర్వాత బిడ్ తీసుకోకు' అని అందులో రాస్తే సూపరింటెండింగ్ ఇంజినీరు చెప్పినా, మంత్రి పేషీ నుంచి ఫోనొచ్చినా 5 దాటితే తీసుకోదు.

స్పెయిన్‌లో అరగాన్ ప్రాంత ప్రభుత్వం 2018లో ఈ బాట పట్టింది: బిడ్ల వేలిముద్రలు బ్లాక్‌చెయిన్‌లో, అసలు బిడ్లు తర్వాత. అయితే అందరికన్నా విపులంగా ప్రయోగం చేసి, తమ లోపాలు తామే రాసుకున్నవాళ్లు కొలంబియాలో ఉన్నారు.

కొలంబియాలో ప్రభుత్వ బడి పిల్లలకు భోజనం పెట్టే పథకం ఒకటుంది. పేరులోని మొదటి అక్షరాలతో పిఏఈ అంటారు. మన మధ్యాహ్న భోజనం లాంటిదే, కాకపోతే అక్కడ స్థానిక ప్రభుత్వాలు పెద్ద పెద్ద కాంట్రాక్టర్లకు అప్పజెబుతాయి. కార్టహేనా నగరంలో బడికిచ్చిన కోడి మాంసానికి మార్కెట్ ధర కన్నా నాలుగు రెట్లు బిల్లు వేసినట్టు బయటపడి దేశమంతా గగ్గోలెత్తింది. బిల్లులో ఉండి పిల్లల కంచంలో లేని భోజనాల సంగతి సరేసరి. అవినీతిపై విచారణ జరిపే అక్కడి రాజ్యాంగ సంస్థ ప్రొకురదూరియా, ప్రపంచ ఆర్థిక వేదిక, అమెరికా ఖండాల అభివృద్ధి బ్యాంకు కలిసి ఈ భోజన కాంట్రాక్టుల కోసమే ఎథీరియం మీద ఒక టెండరు వ్యవస్థను నమూనాగా కట్టాయి. సాఫ్ట్‌వేర్ పనిలో కొలంబియా జాతీయ విశ్వవిద్యాలయం చేయి వేసింది. 2020 జూన్‌లో నివేదిక విడుదలైంది.

ఆ నమూనాలో టెండరు షరతులు ముందుగా గొలుసు మీదకు ఎక్కుతాయి. ఎక్కాక గుట్టుగా మార్చడం కుదరదు. వెంటనే బిడ్లు తీసుకోరు, షరతుల మీద పౌరులు, కంపెనీలు అభ్యంతరాలు చెప్పేందుకు కొంత గడువు ఇస్తారు. ఆ అభ్యంతరాలూ చెరిగిపోవు. బిడ్లు తక్కువ పడ్డా, ధర అనుమానాస్పదంగా ఉన్నా వ్యవస్థ తానే హెచ్చరిక జెండా ఎగరేస్తుంది. ఏ ప్రభుత్వ చేతిలోనూ లేని బహిరంగ గొలుసును ఎంచుకోవడం వెనక ఉద్దేశం స్పష్టమే. రాజధానిలో ఎవరు గెలిచినా, ఎవరు ఓడినా రికార్డు కదలదు.

మరి చిక్కులేంటి? ఎథీరియం మీద ఏం రాయాలన్నా రుసుము కట్టాలి, దాన్ని ఈథర్ నాణేల్లో కట్టాలి. రద్దీ పెరిగితే రుసుమూ పెరుగుతుంది. ఆ నివేదిక వచ్చిన ఏడాదే అది ఏ స్థాయికి వెళ్లిందో క్రిప్టో గిరాకీ చూసినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. అప్పటి ఎథీరియం సెకనుకు పదిహేను లావాదేవీలకు అటూ ఇటూగా మాత్రమే నమోదు చేయగలిగేది. ఒక టెండరుకు ఫరవాలేదు, ఒక దేశానికి చాలదు. మూడోది ఇంకా తమాషా. బిడ్ వేసినవాళ్లు ఎవరో తెరిచేదాకా తెలియకూడదు. కానీ రుసుము కట్టిన ఈథర్ ఏ ఖాతా నుంచి వచ్చిందో బహిరంగ గొలుసు మీద లోకమంతా చూడొచ్చు. ఆ జాడ పట్టుకుంటే కంపెనీ తెలిసిపోతుంది. అన్నీ అందరికీ కనిపించాలన్న గుణమే ఇక్కడ అడ్డం తిరిగింది. వ్యవస్థకు వెలుపల చేతులు మారే లంచాలను, కంపెనీల కుమ్మక్కును ఈ సాంకేతికత ఆపలేదని కూడా ఆ నివేదిక దాపరికం లేకుండా చెప్పింది.

ఇక్కడ నాకు అనిపించేది ఒకటుంది. నాలుగు రెట్ల కోడి ధర ఎక్కడా ఎవరూ దిద్దిన అంకె కాదు. కాంట్రాక్టరు వేసిందీ అదే, ఆఫీసరు ఒప్పుకున్నదీ అదే. బ్లాక్‌చెయిన్ మీద ఉండి ఉంటే ఆ నాలుగు రెట్ల ధరే, కలకాలం చెక్కుచెదరకుండా ఉండేది. దాన్ని పట్టించేది గొలుసు కాదు, చూసే కన్ను. ధరలు బయటికి కనబడితే చాలు, పక్క జిల్లా ధరతో ఎవరో ఒకరు పోల్చి చూస్తారు. ఆ పని ఉక్రెయిన్ బ్లాక్‌చెయిన్ లేకుండానే చేసింది. అక్కడి ప్రొజోరో వ్యవస్థ 2016 ఆగస్టు నుంచి ప్రభుత్వ కొనుగోళ్లకు తప్పనిసరైంది. ఓడిన బిడ్లతో సహా అన్నీ జనం చూడొచ్చు, వాటి మీద ఫిర్యాదులు రాయడానికి వేరే వేదిక కూడా పెట్టారు.

మన కాంట్రాక్టర్ల దగ్గర కూర్చుంటే అసలు మతలబు ఎక్కడుందో అర్థమవుతుంది. వాళ్ల భాషలో టెండరుకు రెండే దిక్కులు: లెస్, ఎక్సెస్. అంచనా మీద తక్కువకు వేస్తే లెస్, ఎక్కువకు వేస్తే ఎక్సెస్. పోటీ ఉంటే లెస్ పడుతుంది. పోటీ లేకుండా చేసుకోవడానికి రింగ్ కడతారు. పది ప్యాకేజీలుంటే పదిమంది కూర్చుని పంచుకుంటారు; ఒక్కోదానికి ఒకడు అసలు బిడ్, మిగతావాళ్లలో ఇద్దరు ముగ్గురు డమ్మీ బిడ్లు. కాగితం మీద చూస్తే నలుగురు పోటీ పడ్డట్టే ఉంటుంది. ఈ డమ్మీ బిడ్లకూ హ్యాష్‌లుంటాయి, అవీ గొలుసు మీదకు నిక్షేపంగా ఎక్కుతాయి. ఏ అంకే మారదు, ఎవడూ సర్వర్ ముట్టుకోడు. సాంకేతికంగా అది నిష్కళంకమైన టెండరు.

పైగా పారదర్శకత రింగుకు ఉపకారమే చేయొచ్చు. రింగులో ఎప్పుడూ ఉండే భయం, లోపలివాడే మాట తప్పి తక్కువకు వేస్తాడేమోనని. ఎవరెంత వేశారో వెంటనే అందరికీ తెలిసిపోయే వ్యవస్థలో మాట తప్పినవాడు అదే రోజు దొరుకుతాడు, తర్వాతి పనుల్లో వాడి పని పడతారు. ఈ ప్రమాదాన్ని అర్థశాస్త్రజ్ఞులు ఎప్పటి నుంచో చెబుతున్నారు. హ్యాష్ పద్ధతిలో ఇంకో సందు కూడా ఉంది. రింగువాళ్లు వేర్వేరు ధరలతో నాలుగు హ్యాష్‌లు పంపి, బయటివాళ్ల ధరలు చూశాక తమకు లాభమైనదొక్కటే విప్పి, మిగతావాటికి 'యాదృచ్ఛిక సంఖ్య పోయిందండీ' అనొచ్చు. విప్పనివాడి ఈఎండీ, అంటే టెండరుతో కట్టిన ధరావతు, మొత్తం జప్తు చేస్తే తప్ప ఇది ఆగదు. అంటే చివరికి పని చేసేది పాతకాలపు ధరావతు సొమ్మే.

రింగులను పట్టడానికి వేరే విద్య ఉంది, దానికి కావలసింది పేరుకుపోయిన పాత బిడ్ల సమాచారం. దక్షిణ కొరియా పోటీ కమిషన్ 2006 నుంచి ప్రభుత్వ టెండర్ల వివరాలను కంప్యూటర్‌తో జల్లెడ పడుతోంది. అంచనాకు గెలిచిన ధరకు తేడా ఎంత, ఎంతమంది వేశారు, పోటీ ఏ రకంది అని చూసి ఒక్కో టెండరుకు అనుమానపు మార్కులు వేస్తుంది. ఎక్కువ మార్కులొచ్చినవాటి మీద విచారణ. మన దేశంలోనూ 2002 పోటీ చట్టం బిడ్ల కుమ్మక్కును నేరుగా నిషేధించింది. ఇరవయ్యేళ్ల టెండర్ల సమాచారం మన పోర్టళ్లలో మూలుగుతోంది. దాన్ని ఎవరైనా దింపుకుని పరిశోధించే రూపంలో పెట్టడానికి ఏ గొలుసూ అక్కర్లేదు.

టెండరు పిలవకముందే పని అయిపోయే పద్ధతి ఇంకొకటి. 'గత ఐదేళ్లలో ఇంత వ్యాసమున్న పైపులు ఇన్ని కిలోమీటర్లు వేసి ఉండాలి, అందులో ఇంత పొడవు నల్లరేగడి నేలలో' అని అర్హత షరతు రాస్తే, దేశంలో ఒక్కడికే సరిపోయే చొక్కా కుట్టినట్టే. దీని మీద ఆంధ్రప్రదేశ్ 2019లో ఒక చట్టం చేసింది. 100 కోట్లు, ఆపైన విలువున్న పనుల టెండరు పత్రాలను ముందు ఒక న్యాయమూర్తి ముందుంచి, జనం అభిప్రాయాలు తీసుకున్నాకే పిలవాలన్నారు. ప్రభుత్వం మారాక ఆ చట్టం రద్దయింది. మంచిచెడ్డలు ఎలా ఉన్నా, కొలంబియా నమూనాలోని అభ్యంతరాల గడువూ ఇదీ ఒకే కోవకు చెందుతాయి. రెంటికీ అడ్డంకి ఒకటే, షరతు చదివి ఇది ఎవరి కోసం రాశారో పసిగట్టగలిగేవాడు సాధారణంగా పోటీ కాంట్రాక్టరే అయి ఉంటాడు. వాడు రింగులో ఉంటే నోరెత్తడు.

ఇక పని మొదలయ్యాక. మన పల్లెలో తారు రోడ్డు వేస్తున్నారు. వెడల్పు 3.75 మీటర్లు, పై పొర మందం 25 మిల్లీమీటర్లు ఉండాలి. కాంట్రాక్టరు 20 వేశాడు. కంటికి ఆనదు, కాలికి తెలియదు. కిలోమీటరుకు లెక్కేయండి: వెయ్యి మీటర్ల పొడవు, 3.75 వెడల్పు, 5 మిల్లీమీటర్ల మందం, 18.75 ఘనపు మీటర్లు. తారు మిశ్రమం బరువులో చెప్పాలంటే 40 టన్నుల పైమాటే. ఇప్పుడు అసిస్టెంట్ ఇంజినీరు (ఏఈ) కొలతల పుస్తకంలో, అంటే ఎం-బుక్కులో, 25 అని రాస్తాడు. పై ఇంజినీరు డీఈ చెక్ మెజర్‌మెంట్ చేసినట్టు సంతకం పెడతాడు. బిల్లు వెళ్లిపోతుంది. ఎం-బుక్కును బ్లాక్‌చెయిన్ మీద పెట్టారనుకుందాం. ఆ 25 ఇక ఎప్పటికీ 25. రోడ్డుకు డ్రిల్లు పెట్టి నమూనా ముక్క తీసి, స్కేలు పెట్టి కొలిచేవాడు వస్తే తప్ప 20 అన్న సంగతి ఏ కంప్యూటర్‌కూ తెలియదు. గొలుసులోకి చేరినదాన్ని బ్లాక్‌చెయిన్ కాపాడుతుంది. గొలుసులోకి వచ్చేది నిజమా అని అడగదు. బ్లాక్‌చెయిన్ నిపుణులకు ఇది పాత సమస్యే, ఇంతవరకు దానికి గణిత పరిష్కారం దొరకలేదు.

బడి గుడ్ల విషయంలో మనవాళ్లు వేసిన ఎత్తు గుర్తొస్తుంది. సరఫరా కావలసిన గుడ్లు దారి మళ్లి కిరాణా కొట్లో తేలకుండా, పాత గుడ్లు కొత్తవాటిలో కలవకుండా ఆంధ్రప్రదేశ్‌లో గుడ్డు పెంకు మీదే రంగు ముద్ర వేయడం మొదలుపెట్టారు. ఆ ముద్ర వస్తువు మీదే ఉంది, రికార్డులో కాదు. వంటమనిషి చూడగలదు, నాలుగో తరగతి పిల్ల కూడా చూడగలదు. కొలంబియా కోడి మాంసానికి ఇలాంటి ముద్ర వేసే వీలు లేదు.

రికార్డును క్షేత్రంతో పోల్చి చూసే విద్యలో తెలుగువాళ్లకు లోకం గుర్తించిన అనుభవం ఉంది. ఉపాధి హామీ చట్టం వచ్చాక ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2006 నుంచి సామాజిక తనిఖీ మొదలుపెట్టింది. 2009లో దానికోసం ప్రత్యేక సొసైటీ పెట్టింది. మస్టరు (కూలీల హాజరు పట్టీ) పట్టుకుని ఇంటింటికీ వెళ్లడం, 'ఫలానా వారం పనికెళ్లావా, ఎన్ని రోజులు, ఎంత ముట్టింది' అని అడగడం, చివర్న మండల కేంద్రంలో అందరి ఎదుటా పేర్లు చదివి వినిపించడం. చనిపోయినవాళ్ల పేరు మీద పడిన కూలి అక్కడ బయటపడేది. ఈ తనిఖీల నివేదికలను ఫర్జానా ఆఫ్రిది, వెగార్డ్ ఇవర్సన్ అనే ఆర్థికవేత్తలు గుచ్చిగుచ్చి చదివారు. తేలినదేమిటంటే కూలి డబ్బుల్లో గోల్‌మాల్ కొంత తగ్గింది, అదే సమయంలో మెటీరియల్ ఖర్చుల్లో గోల్‌మాల్ పెరిగింది. కూలి లెక్క ఊరివాళ్లు చెప్పగలరు. ఎన్ని ట్రిప్పుల కంకర, ఎన్ని బస్తాల సిమెంటు అన్నది వాళ్లు చెప్పలేరు. దొంగతనం పట్టుబడే చోటు వదిలి, పట్టుబడని చోటికి తరలిపోయింది.

నాకు బ్లాక్‌చెయిన్ టెండర్ల మీద అంత ఆశ లేకపోవడానికి ఈ పరిశోధనే కారణం. బిడ్ దిద్దడం అసాధ్యం చేశామనుకోండి, ఆ పని చేసుకుంటున్నవాడు మానేసి సన్యాసం పుచ్చుకోడు. షరతుల్లోకో, అదనపు పనుల్లోకో, ఎం-బుక్కులోకో వెళ్తాడు. అయినా మొదటి తలుపు మూయొద్దని కాదు. ఎంత ఖర్చు పెట్టి మూయాలి, మిగతా తలుపుల కాపలాకు ఏం మిగలాలి అన్నదే లెక్క.

ఇంకో జాగ్రత్త కూడా చెప్పాలి. ప్రభుత్వాలు 'బ్లాక్‌చెయిన్ పెట్టాం' అన్నప్పుడు మొదట అడగవలసింది, కాపీలు ఎవరి దగ్గరున్నాయి అని. భూ రికార్డులకు బ్లాక్‌చెయిన్ వాడతామని ఆంధ్రప్రదేశ్ 2017లోనే దేశంలో అందరికన్నా ముందు ప్రకటించింది. తెలంగాణ చిట్‌ఫండ్ల పర్యవేక్షణకు టి-చిట్స్ పేరుతో నిజంగానే వాడకంలోకి తెచ్చింది. టెండర్లకూ ఏదో ఒక రోజు ఇలాంటి ప్రకటన వస్తుంది. కాపీలున్న నాలుగు కంప్యూటర్లూ ఒకే శాఖ డేటా సెంటర్‌లో, ఒకే కాంట్రాక్టు కంపెనీ నిర్వహణలో ఉంటే అది గొలుసు పేరుతో ఉన్న మామూలు డేటాబేసే. నాలుగింటినీ ఒకేసారి మార్చడానికి ఒకే మనిషి చాలు. ఒక కాపీ అకౌంటెంట్ జనరల్ దగ్గర, ఒకటి హైకోర్టు రిజిస్ట్రీ దగ్గర, ఒకటి బిల్లులు చెల్లించే బ్యాంకులో, ఒకటి విశ్వవిద్యాలయంలో, ఇంకోటి బిల్డర్ల సంఘం దగ్గర ఉంటే వీళ్లలో ఎవరికీ ఎవరి మీదా నమ్మకం ఉండదు కాబట్టి రికార్డు భద్రం. అలాంటి ఏర్పాటుకు ఎథీరియం రుసుములూ అక్కర్లేదు, ఈథర్ ఖాతాల జాడల బెడదా ఉండదు.

అది కూడా ఖర్చనుకుంటే హేబర్, స్టోర్నెటాల చిన్న ప్రకటన ఉంది. ప్రభుత్వం టెండరు నోటీసులను ఎలాగూ దినపత్రికల్లో వేయిస్తోంది. ప్రతి సాయంత్రం ఆ రోజు గడువు ముగిసిన టెండర్లన్నిటి బిడ్ల హ్యాష్‌లను కలిపి ఒకే హ్యాష్ తీసి, మర్నాటి పేపర్లో నోటీసుల కింద ఒక్క లైను వేయిస్తే సరి. ధరలు విప్పడం ఆ పేపరు వచ్చాకే మొదలుపెట్టాలి, అప్పుడు రాత్రికి రాత్రి దూర్చిన హ్యాష్‌కు విలువుండదు. కాంట్రాక్టర్ల డిజిటల్ సంతకాలు ఇప్పటికే ఉన్నాయి, వాటికి 2000 నాటి ఐటీ చట్టం గుర్తింపు ఉంది. ఇలా మిగిలిన డబ్బుతో జిల్లాకో నాణ్యత తనిఖీ బండి కొని, అందులో రోడ్డు కోసి చూసే కోర్ కట్టరు, దాన్ని నడిపే మనిషి, బిల్లు పాసవకముందే ఏ కిలోమీటరు దగ్గర కోయాలో చీటీ తీసి చెప్పే పద్ధతి పెట్టొచ్చు. ఆ చీటీ ముందుగా కాంట్రాక్టరుకు తెలియకుండా ఉండటానికి మాత్రం హ్యాష్ బాగా పనికొస్తుంది.